గొలుసుకట్టు చెరువుల లెక్కలో ఒక ఉప్పుటేరు

సముద్రానికి ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరాన, నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో, ఒక కిరాయి మేడ రెండో అంతస్తులో కూర్చుని, ఒక ఉప్పుటేరు బతుకుతుందా చస్తుందా అని లెక్క తేల్చే ఉద్యోగం నేను చేశాను. ఈ మాట చెబితే ఈనాటి పిల్లలు నవ్వుతారు. మీట నొక్కగానే తెరమీద రంగురంగుల నది పారే కాలం వాళ్లది. చేత్తో పిడి తిప్పితే గరగరమని అంకెలు కక్కే ఇనుప యంత్రం మాది. వాళ్లు నవ్వుకోవచ్చు. అయితే ఆ తెర చూపినదల్లా నిజమని వాళ్లు నమ్మేస్తున్నారే, అది చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఉద్యోగకాలపు డైరీలన్నీ ఏడాది వారీగా అట్టలు వేసి బీరువాలో పెట్టుకున్న మనిషిని కనుక, మాటలు కొంచెం అటూ ఇటూ అయినా జరిగిన వరుస మాత్రం తప్పదని పాఠకులకు హామీ ఇవ్వగలను.

డెబ్బయ్యవ దశకం మొదటి సంవత్సరాలవి. నీటి కాలుష్యం అనే మాట అప్పుడప్పుడే ఆఫీసు కాగితాల్లోకి వస్తోంది. మా విభాగం చిన్నది. పని చేసేవాళ్లం ముగ్గురం, తిరిగే పంకా ఒకటి.

పెద్దసారు నిజాం కాలంలో నీటిపారుదల శాఖలో చేరినవారు. ఉర్దూలో చదువుకున్నారు, కూడికలు వేసేటప్పుడు అప్పటికీ ఆయన పెదవులు ఉర్దూలోనే కదిలేవి. ఉద్యోగమంతా తెలంగాణ చెరువుల మీద గడిచింది. పైచెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు, అది నిండితే దాని కింది చెరువుకు: ఆ గొలుసుకట్టు ఆయనకు అరచేతి గీతలంత పరిచయం. రెండో మనిషిని నేను. నాంపల్లిలోనే పుట్టి, కోఠి మహిళా కళాశాలలో గణితం చదివి, నాంపల్లిలోనే కాపురానికి వచ్చినదాన్ని. లెక్కలన్నీ నావి. మూడో మనిషి రసాయన పరీక్షలు చేసే అమ్మాయి. గోదావరి జిల్లాల తీరంలో ఒక మిషన్ ఊరు ఆమెది. తండ్రి అక్కడ మిషన్ బడిలో హెడ్మాస్టరు. ఆమె ఆబిడ్స్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉండేది.

రాష్ట్రం ఏర్పడిన ఏడు నేనింకా బడిలో ఉన్నాను. ఆ తరువాతే మా నాంపల్లి ఆఫీసుల్లోకి 'అండీ' అన్న మాట వచ్చింది. ప్రాంతాల ప్రసక్తి వస్తే ఎగతాళి ఎక్కడ ఆగుతుందో, కోపం ఎక్కడ మొదలవుతుందో తెలియని సంవత్సరాలవి. మా గదిలో మాత్రం ఎగతాళిదే పైచేయి.

"మీ ఊర్ల కోపమొచ్చినా అండీ అంటరా బిడ్డా?" అని పెద్దసారు ఆమెను అడిగేవారు.

"కోపం వస్తేనే ఎక్కువంటామండీ," అనేది ఆమె.

మాకు అప్పగించిన ఉప్పుటేరు సరిగ్గా ఆమె ఊరిని ఆనుకుని పోయేదే. పైనుంచి నదిపాయ, పొలాల మురుగు కాలువలు వచ్చి కలిసి, కింద సముద్రంలో పడే ఏరది. ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పాలెం ఉంది. ఆమె తండ్రి బడిలో చదివే పిల్లల్లో సగం మంది అక్కడివాళ్లే. కొన్నేళ్లుగా ఎండాకాలం వస్తే ఏరు ఆకుపచ్చగా చిక్కబడుతోంది. తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఇప్పుడు ఎగువనున్న పట్టణం పురపాలకం వారు తమ ఊరి మురుగునంతా ఒక పెద్ద కాలువగా కట్టి ఈ ఏటిలోకే వదలాలనుకున్నారు. ఏరు లోపలి వంపులో వదిలితే కాలువ పొట్టి, ఖర్చు తక్కువ. సముద్రపు మొగదాకా తీసుకుపోతే కాలువ పొడుగు, ఖర్చు ఎక్కువ. ఏది మంచిదో మేము చెప్పాలి. లోపల వదలమని మేము చెప్పి అది తప్పయితే పాలెం వలలు ఆరేసుకోవలసిందే. ఈ సంగతి ఆమె నోటితో ఒక్కసారీ అనలేదు. అనవలసిన అవసరం మాకూ కలగలేదు.

పెద్దసారు ఉత్సాహంగా పని మొదలుపెట్టారు. ఏటిని పొడుగునా ఐదు గదులుగా కోశారు. ప్రతి గదికీ వచ్చే నీళ్లు, పోయే నీళ్లు, నీళ్లతో వచ్చే నత్రజని, దాన్ని తిని పెరిగే నాచు, నాచు మింగే ప్రాణవాయువు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సమీకరణం. పొలాలకు యూరియా ఎంత ఎరువో నాచుకూ అంతే ఎరువు, ఊరి మురుగూ అంతే. పగలు నాచు ప్రాణవాయువు విడుస్తుంది, చీకటి పడితే తనే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఊపిరాడదు. ఇదంతా కాగితం మీద పెట్టడం ఆ రోజుల్లో ఎంత కొత్త పనో చెప్పలేను. పెద్దసారు ముచ్చటైన గీతలు గీశారు. మొదటి గది నుంచి రెండోదానికి బాణం, రెండో దాని నుంచి మూడోదానికి బాణం, చివరి బాణం సముద్రంలోకి. నేను పిడి తిప్పాను.

ఫలితం కళ్లకు పండుగగా వచ్చింది. లోపలి వంపులో ఎంత మురుగు వదిలినా గది తరువాత గది కడుక్కుపోయి, కొద్ది రోజుల్లోనే ఏరు శుభ్రపడుతోంది.

"చూసినవా అమ్మా, తోమిన గిన్నె లెక్క అయితున్నది. లోపల్నే వదలుమని రాద్దాం," అన్నారు పెద్దసారు.

ఆ సమయానికి రసాయనం అమ్మాయి ఊళ్లో లేదు. పడవ మీద తిరిగి ఏటి నీళ్లు సీసాల్లో పట్టుకుని రావడానికి వెళ్లింది. గడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో సీసాలు సర్దుకుని, రైల్లో వాటి పక్కనే కూర్చుని వచ్చింది. మొహం కూడా కడుక్కోకుండా చిత్తుప్రతి తీసి చదివింది. గీసిన బాణాల మీద వేలు పెట్టి అటూ ఇటూ చూసింది.

"పోటు ఏదండీ?" అంది.

"ఏంది?" అన్నారు పెద్దసారు.

"పోటండీ. సముద్రం నీళ్లు పైకి రావడం. ఈ బాణాలన్నీ కిందికే పోతున్నాయి. తిరిగొచ్చే బాణం ఒక్కటీ లేదే!"

పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడిచారు. "సముద్రం ఒడ్డున అలలు వస్తయి, తెలుసు. గంత లోపలికెట్ల వస్తయి? నీళ్లు పల్లానికే పోతయి గద బిడ్డా."

"ఎండాకాలంలో మా బడి వెనక మెట్లదాకా వస్తాయండీ. నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు."

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. పెద్దసారుకు పోటు అనే మాట తెలియక కాదు. పుస్తకంలో చదివారు, నేనూ చదివాను. కాని చెరువులు చూసి పెరిగిన మాకు నీళ్లంటే మత్తడి మీద నుంచి కిందికి దూకేవే. మూసీ వెనక్కి పారడం మేము ఎరగం. చదివిన పోటు తలలో ఉంది, చేతికి రాలేదు.

సాయంత్రం ఇంటికి పోయి ఈ సంగతి మా అత్తమ్మకు చెప్పాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఏందే, సముద్రం ఎనక్కొస్తదా?"

"రోజుకు రెండుసార్లు వస్తదట అత్తమ్మా."

"మన నల్లల్నే రోజుకు రెండుసార్లు నీళ్లు రాకపాయె. గాడికెట్ల వస్తయే? గా పిల్ల నిన్ను ఆట పట్టిస్తున్నది."

మరునాడు సీసాల పరీక్ష పూర్తయింది. లోపలి గదిలో ఉప్పు ఉంది. నాలిక్కి తగిలేటంత ఉంది. మా లెక్క ప్రకారం అక్కడ ఉప్పు సున్నా. ఉప్పు నదిలో పుట్టదు, పొలంలో పుట్టదు, నాచు దాన్ని తినదు. సముద్రం నుంచి వచ్చిందంటే నీళ్లతోనే వచ్చింది. ఉప్పును మోసుకొచ్చిన నీళ్లు నత్రజనిని మాత్రం మొగ దగ్గర దించేసి వస్తాయా? ఇంత సూటి ప్రశ్నను పెద్దసారు ముందు పెడితే ఆయన అన్న మాట నా డైరీలో ఎర్ర సిరాతో ఉంది: "సీసాలు మంచిగ కడగలేదు."

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "నా సీసాలు నేనే కడిగానండీ. ఒక్కొక్కటీ మూడేసి సార్లండీ. వెలుగుకు పట్టి చూశానండీ."

పెద్దసారుకు 'అండీ'ల లెక్క అర్థమైంది. జర వెనక్కి తగ్గి, "పోనీ, ఎండకు నీళ్లు ఇగిరిపోతే ఉప్పు మిగులుతది," అన్నారు.

నాకు కోపం వస్తే నేను మాట్లాడను, లెక్క వేస్తాను. నదినీళ్లలో ఉండే పిసరంత ఉప్పుతో సీసాలోని ఉప్పు తయారు కావాలంటే ఎన్ని నీళ్లు ఇగిరిపోవాలో వేసి చూశాను. ఏరు ఎండి నెర్రెలు పట్టినా చాలదు. ఆ కాగితం ఆయన బల్లమీద పెట్టి, ఆ అమ్మాయిని తీసుకుని చాయ్ తాగడానికి ఆబిడ్స్ వెళ్లిపోయాను. ఆఫీసు వేళలో నేను చాయ్‌కి బయటికి పోవడం అదే మొదలు. కుటుంబాల కోసం తెర కట్టిన గదిలో కూర్చున్నాం. ఇరానీ చాయ్ వచ్చింది. ఆమె సాసర్లో కొంచెం పోసి రెండు చేతులా పట్టుకుని ఇటు వంచింది, అటు వంచింది.

"ఇదిగో అక్కా మా ఏరు. అటు వంచితే ఆటు, ఇటు వంచితే పోటు. ఎంత వంచినా చాయ్ ఎక్కడికీ పోదు. పైనుంచి కొత్త చాయ్ పోస్తేనే అంచు దాటి పొర్లుతుంది. ఎండాకాలంలో పోసేవాళ్లు ఉండరు."

"అందుకే చిక్కబడుతుంది."

"అందుకే. ఇందులో మురుగు కూడా పోయమని మీ సారు రాస్తున్నారు."

"మన సారు," అన్నాను.

"సీసాలు కడగలేదన్న రోజున మీ సారే," అంది. ఆ సాసర్లోని చాయ్ చల్లారిపోయింది, ఆమె తాగలేదు.

మేము తిరిగి వచ్చేసరికి పెద్దసారు నా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు. కూడికలు సరిచూశారని పెన్సిల్ టిక్కులు చెబుతున్నాయి. ఆయన మొండివారే కాని, తప్పు దొరకని లెక్కను తోసివేసే మనిషి కారు. "నేనే పోయి చూసొస్త," అన్నారు. "నా సీసాలు నేనే పట్టుకపోత." నిజంగానే ఇంట్లో ఆవిడ చేత చింతపండు పెట్టి తోమించిన సీసాలు సంచిలో వేసుకుని ఆయన రైలెక్కారు. ఆయనతో ఆ అమ్మాయీ వెళ్లింది. ఆ రెండు రోజులూ నేను యంత్రానికి నూనె పోసి, పెన్సిళ్లు చెక్కి, ఏ పనీ తోచక పాత ఫైళ్లకు కొత్త దారాలు కట్టాను.

తిరిగి వచ్చిన ఉదయం నేను కిటికీ దగ్గరే ఉన్నాను. స్టేషన్ నుంచి పెద్దసారు నడిచి వస్తున్నారు. పాంటు ఇస్త్రీ మడతతో ఉంది, కోటు గుండీలు పెట్టి ఉన్నాయి, కాళ్లకు మాత్రం నీలంరంగు రబ్బరు స్లిప్పర్లు. ఒకటి కొంచెం పెద్దది. వెనక ఆ అమ్మాయి పెట్టెలు మోయించుకుని వస్తూ, నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పులేవి సార్?" అన్నాను ఆయన మెట్లెక్కి రాగానే.

"ఊర్లెకు పోయినయి," అన్నారు పెద్దసారు, కుర్చీలో కూలబడి.

ఆయన చెప్పగా, మధ్యమధ్య ఆ అమ్మాయి సరిదిద్దగా తెలిసినది ఇది. బడి వెనక మెట్ల మీద చెప్పులు విప్పి, పాంటు పైకి మడిచి, సీసా ముంచడానికి ఆయన కిందికి దిగారు. ఏరు అద్దంలా నిలిచి ఉంది. "చూడు బిడ్డా, ఎక్కడొచ్చింది నీ పోటు?" అని అడిగారట. ఆమె, "ఒక్క క్షణం ఆగండి," అందట. ఆయన సీసాకు చీటీ అంటించి తల ఎత్తేసరికి నీళ్లు మెట్టు ఎక్కాయి. చెప్పుల జత నీళ్ల మీద పక్కపక్కనే నిలబడి, సముద్రానికి వీపు పెట్టి, పట్టణం వైపు బయలుదేరింది.

"పైకి పోతున్నయమ్మా!" అన్నారు పెద్దసారు. ఆ ఆశ్చర్యం ఇంకా ఆయన గొంతులో ఉంది. "నా కండ్ల ముంగట, నడుసుకుంట పోయినట్టు పోయినయి. ముప్పై ఏండ్లు నీళ్ల కొలువు చేసిన. ఉల్టా పారేటివి ఎన్నడు చూడలె."

"పట్టుకోలేదా?"

"పట్టుకోనియ్యలె," అన్నారు ఆయన, ఆ అమ్మాయి వైపు చూపించి. "ఎంత దూరం పోతయో చూద్దామన్నది. గడియారం పట్టుకొని గట్టుమీద వాటెంబడి నడిసింది."

"లోపలి వంపుదాకా పోయాయక్కా," అంది ఆమె. "సరిగ్గా మురుగు వదులుదామన్న చోటే ఆగాయి. అక్కడ తుక్కులో చిక్కుకుని మళ్లీ కనబడలేదు. ఈ స్లిప్పర్లు మా నాన్నగారివి."

పెద్దసారు అప్పటికప్పుడే ఒక తెల్లకాగితం తీసి ఐదు గదులు గీశారు. ప్రతి రెండు గదుల మధ్యా రెండేసి బాణాలు వేశారు. ఆ తరువాత ఆమె వైపు తిరిగి, "నీ సీసాలు మంచిగున్నయి బిడ్డా. ఇంట్ల తోమిన నా సీసాలల్ల గూడ గదే ఉప్పు, నాలికకు పెట్టి చూసిన," అన్నారు. మా ఆఫీసులో క్షమాపణ అంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఏ గది నుంచి ఏ గదికి పోటు ఎన్ని నీళ్లు తెస్తుందో ఎవరూ కొలవలేదు; కొలిచే సాధనమూ మాకు లేదు. ఆ పని ఉప్పు చేసింది. లెక్కలోని ఉప్పు, సీసాలోని ఉప్పు ఒకటయ్యేదాకా ఆ రెండేసి బాణాలనూ సర్దుతూ పోయాను. ఒక గదిలో సరిపోతే పక్క గదిలో చెడేది. భుజం నొప్పి పుట్టి, అత్తమ్మ నువ్వులనూనె రాసేది. "ఇంకా వస్తున్నదానే నీ సముద్రం?" అని రోజూ అడిగేది. చివరికి ఐదు గదుల ఉప్పూ కుదిరింది. అప్పుడు అవే బాణాల మీద నత్రజనిని నడిపించాం.

వానాకాలంలో పొలాల నుంచి ఎంత యూరియా కొట్టుకొచ్చినా నది దాన్ని తోసుకుపోతోంది. ఎండాకాలంలో లోపలి గదిలో పడినది మాత్రం ఆటుకు బయలుదేరి, దారి మధ్యలో పోటు ఎదురై, మళ్లీ ఇంటికి వస్తోంది. లెక్కలో ప్రాణవాయువు అడుగంటిన తెల్లవారుజాములు, చేపలు నోళ్లు తెరిచాయని ఆమె తండ్రి చెప్పిన తెల్లవారుజాములు చాలావరకు కలిశాయి.

పొడుగు కాలువకు పైవాళ్లు ఒప్పుకోరని పెద్దసారుకు తెలుసు. అందుకని రెండో దారి కూడా లెక్క కట్టించారు: మురుగును ఒక గుంటలో నిలవచేసి, తూము పెట్టి, ఎండాకాలంలో ఆటు మొదలైనప్పుడు మాత్రమే తూము ఎత్తడం. అది మొగదాకా పోదు కాని, లోపల తిష్ఠ వేయదు. అసెంబ్లీ దగ్గరి పెద్ద ఆఫీసులో ఈ రెండో దారికి ఒప్పుకున్నారు. మేము ఆబిడ్స్ నుంచి మిఠాయి తెప్పించుకున్నాం.

మిఠాయి అరిగేలోగానే పురపాలకం వారి ఉత్తర్వు నకలు వచ్చింది. తూమును ప్రతిదినం ఉదయం పది గంటలకు తెరిచి సాయంత్రం ఐదు గంటలకు మూయవలెనట, ఆదివారం సెలవట!

చంద్రుణ్ణి బట్టి రోజురోజుకూ జరిగిపోయే ఆటుపోట్లను తీసుకెళ్లి హాజరు పట్టీలో కూర్చోబెట్టారు. నేను మా లెక్కకే ఆఫీసు వేళలు పెట్టి పిడి తిప్పాను. ప్రతి పక్షంలోనూ కొన్ని రోజులు తూము తెరిచే సమయంలో చాలా భాగం పోటులోనే పడుతోంది. మురుగంతా సరాసరి లోపలి గదికే పోతోంది. నిలవచేయడం వల్ల ఒక్కసారిగా పోతోంది కనుక, అసలు గుంటే లేని దానికన్నా అధ్వాన్నం.

పెద్దసారు ఆ ఫలితం చూసి ట్రంకాల్ బుక్ చేశారు. లైను కలిసేసరికి మధ్యాహ్నమైంది. ఆయన అరుపుకు కింది అంతస్తు వాళ్లు మెట్లెక్కి వచ్చారు.

"హలో! ఔ, హైదరాబాద్... తూము సంగతి! పది నుంచి అయిదు గాదు! ఆటు! ఆటుకు! ... ఏమన్నరు? తూము నౌకరుకు రాత్రి డ్యూటీ లేదా? ... సముద్రానికి సెలవు లేదు సార్! నేను చూసొచ్చిన! ... నా చెప్పులు మీ ఊర్లనే ఉన్నయి సార్!"

ఆ అమ్మాయి రిసీవరుకు దగ్గరగా వచ్చి మెల్లగా, "పాలెం చేపలవాళ్ల సంఘానికి తూము తాళం ఇమ్మనండి," అంది. "వాళ్లు ఆటుకే పడవలు దింపుతారు. ఎలాగూ తూము ముందు నుంచే వెళ్లాలి." పెద్దసారు ఆ మాట అరిచారు. నౌకరును పెట్టే పని తప్పుతుందన్న సంగతి వాళ్లకు నచ్చి ఉంటుంది. ఒప్పుకున్నారు, లిఖితపూర్వకంగా ఇవ్వమని నేను పక్క నుంచి పట్టుబట్టగా, అదీ పంపారు.

గుంటా తూమూ పూర్తయిన తరువాత వచ్చిన మొదటి ఎండాకాలం ఆమె సెలవు పెట్టి ఊరికి వెళ్లింది. మేమిద్దరం ఆకుపచ్చ అన్న మాట ఎత్తకుండా రోజులు గడిపాం. ఏప్రిల్ అంతా పంకా కింద కూర్చుని పెద్దసారు ఉర్దూలో ఏవో కూడికలు వేసుకునేవారు. జూన్ మొదటి వానకు ఆమె తిరిగి వచ్చింది, చేతిలో ఒక బుట్టతో. గది నిండా వాసన కమ్ముకుంది.

"ఎండు రొయ్యలండీ. పాలెం వాళ్లు పంపారు. మా ఉప్పుటేటివే."

మాది నీచు ముట్టని ఇల్లు. నేను ముక్కు పట్టుకుని కిటికీ తెరిచాను. పెద్దసారు బుట్ట మూత ఎత్తి చూస్తూనే, "చేపలు తేలినయా?" అని అడిగారు.

"నాన్నగారు తెల్లారగట్ల వెళ్లి చూస్తూనే ఉన్నారండీ. తేలలేదు. నీళ్లు మాత్రం ఇంకా కొంచెం పచ్చగానే ఉన్నాయి."

"గదెందుకు?"

"కాలువ కింద రెండో పంట వేస్తున్నారండీ. యూరియా ఎండాకాలంలో కూడా వస్తోంది."

పెద్దసారు బుట్ట మూత పెట్టి దాన్ని తన కుర్చీ కిందికి జరిపారు. నా వైపు చూశారు. నేను రొయ్యల వాసన గురించి రెండు మాటలు గట్టిగానే అని, యంత్రం మీది గుడ్డ తీశాను.